ఆ గుంటడ్ని ఏ ఆఫీసుకి పంపుదాం?

పోయిన నెల కాశీబుగ్గలో మన సంఘం మీటింగు పెట్టుకున్నాం. శ్మశానం దారి గురించీ, రావలసిన కూలి బకాయిల గురించీ మాట్లాడుకోవాలని అందరం కూడినాం. ఆ రెండూ అరగంటలో అయిపోయాయి. మిగిలిన గంటన్నరా ఒక గుంటడి గురించే కొట్లాట. మన పేట కుర్రాడు. సి.ఏ. ఇంటర్మీడియెట్ రెండు గ్రూపులూ గట్టెక్కాడు. ఇప్పుడు ఏ ఆడిటర్ ఆఫీసులో చేరాలి అన్నది ప్రశ్న.

ఇదేటి, ఒక కుర్రాడి ఉద్యోగం గొడవ పత్రికకెందుకు అని కొందరికి అనిపించొచ్చు. ఉద్యోగం గొడవ కాదు కాబట్టే రాస్తున్నాను. ఆ రోజు నాను ఒక్కణ్ణే ఎదురు మాట్లాడి ఒంటిగాణ్ణయిపోయాను. ఆ మాటే ఇక్కడ విడమరిచి చెప్తాను. తిట్టాలనుకున్నవాళ్లు చదివి తిట్టండి.

ముందు సంగతి తెలియనివాళ్ల కోసం. ప్లీడరు అవ్వాలంటే లా చదివి సీనియర్ దగ్గర తిరగాలి. సి.ఏ. అవ్వాలన్నా అంతే. పరీక్షలు రాస్తే చాలదు, ఒక ఆడిటర్ దగ్గర అప్రెంటిసు చెయ్యాలి. దాన్నే ఆర్టికల్‌షిప్ అంటారు. 2023 దాకా మూడేళ్లుండేది. ఆ ఏడు జులై నుంచి కొత్తగా చేరినవాళ్లకి రెండేళ్లు చేశారు, అదీ ఇంటర్మీడియెట్ రెండు గ్రూపులూ అయినాకే. ఆ ఆడిటర్ని ప్రిన్సిపాల్ అంటారు. అతను ఒప్పుకుంటేనే కాగితం కదులుతుంది. మధ్యలో ఆఫీసు మారాలన్నా అతని సంతకమే కావాలి. అంటే రెండేళ్లు నీ జుట్టు అతని చేతిలో వుంటుంది.

ఈ గుమ్మం దగ్గర రిజర్వేషన్ లేదు. ఫీజు కట్టినవాడికి పరీక్ష, తెలిసినవాళ్లున్నవాడికి ఆఫీసు. మావయ్య ఆడిటరు, బాబాయి ఆడిటరు, నాన్న స్నేహితుడు ఆడిటరు. మనకి మావయ్య జీడిపిక్కల బస్తాలు మోసేవాడు, బాబాయి కొబ్బరిచెట్టు ఎక్కేవాడు. పరీక్ష హిందీలో రాసుకోవచ్చంట, ఇంగ్లీషులో రాసుకోవచ్చంట, తెలుగులో మాత్రం కుదరదంట. తెలుగు మీడియంలో, సర్కారు కాలేజీలో చదివిన మన గుంటడు ఇన్ని గోడలు దాటి వచ్చాడు. ఇప్పుడు అతని ముందు మూడు తలుపులున్నాయి.

ఒకటి కాశీబుగ్గలోనే. జీడి ఫ్యాక్టరీల లెక్కలు చూసే ఆఫీసు. రెండోది విశాఖపట్నంలో, పదిహేనుమంది పనిచేసే మధ్యరకం ఆఫీసు. మూడోది హైదరాబాదులో. ప్రపంచంలో నలుగురు పెద్దలని చెప్పుకునే డెలాయిట్, పి.డబ్ల్యు.సి., ఈ.వై., కె.పి.ఎం.జి.లలో ఒకటి. పేరు చెప్పను, ఏ పేరైనా నా మాట మారదు.

మీటింగులో మాస్టారు హైదరాబాదే అన్నారు. "ఆ పేరు చాలు, జీవితాంతం అన్నం పెడుతుంది" అన్నారు. గుంటడి తల్లి వెనక గోడవార కూచుని, "నాకేటి తెలుస్తాది బావూ, దగ్గరుంటే బాగున్ను" అంది. ఆమెకి కిడ్నీలు పోయాయి. వారానికి రెండుసార్లు డయాలిసిస్. ఉద్దానంలో ఇది ఏ ఇంటి కథో వేరే చెప్పక్కర్లేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి తెరిచారు కాబట్టి విశాఖ ప్రయాణం తప్పింది, సూది పోటు తప్పలేదు.

అసలు గొడవ మన కార్యకర్తల దగ్గర మొదలయింది. వాళ్లన్నది ఇదీ: "కాశీబుగ్గ ఆఫీసులోనే పెట్టండి. ఫ్యాక్టరీల మస్టర్లన్నీ ఆ బీరువాలో వున్నాయి. మన ఆడోళ్ల పేర్లు ఎన్ని రాశారో, ఎన్ని ఎగ్గొట్టారో మనోడు ఫోనులో ఫొటోలు తీసి పట్టుకొస్తాడు. ఆ దెబ్బతో అందరూ దిగొస్తారు."

చప్పట్లు కొట్టారు. నాకు కడుపులో దేవింది.

వాళ్ల కోపం నాకు తెలియక కాదు. ఆ తల్లి ఇరవయ్యేళ్లు పప్పు పీలింగు చేసింది. అంతకుముందు పిక్క కొట్టే పని. ఆ జీడినూనె అంటి వేళ్లు ఎలా మాడిపోతాయో మీ ఇళ్లలో చూస్తున్నారు. కిలోకి ఇంత అని కూలి. ఇరవైమంది గాని ఆపైన గాని పనిచేసేచోట పి.ఎఫ్. కట్టాలి, పదిమంది గాని ఆపైన గాని వుంటే ఈ.ఎస్.ఐ. కట్టాలి. కిలో లెక్కన కూలి ఇచ్చినా వాళ్లు కూలీలే, తప్పించుకోడానికి లేదు. ఆమె దగ్గర పి.ఎఫ్. నెంబరు లేదు. ఇరవయ్యేళ్ల పని ఏ పుస్తకంలోనూ లేదు. ఒంటిమీద వుంది, కాగితం మీద లేదు.

అయినా సరే, ఆ గుంటణ్ణి గూఢచారిగా పంపడం తప్పు అంటున్నాను. మూడు మాటలు చెప్తాను.

ఆర్టికల్ క్లర్కుకి ఆఫీసులో చూసిన లెక్క బయటపెట్టే హక్కు లేదు. ఖాతాదారు రహస్యం కాపాడటం ఆ వృత్తికి మొదటి షరతు. ఫొటో బయటికొచ్చిన రోజున మొదట పోయేది ఫ్యాక్టరీ యజమాని కాదు, మన గుంటడు. సి.ఏ. కాగితం చింపేస్తారు. అప్పుడు "చూశారా, వీళ్లని నమ్మి లోపలికి రానిస్తే ఇదీ" అని జిల్లా జిల్లాలో చెప్పుకుంటారు. అతని వెనక రాబోయే పదిమందికి తలుపు మూసేస్తారు. షావుకారుకి ఇంతకన్నా చవకైన గెలుపు వుందా?

ఇంకొకటి. ఆ దొంగతనం మనకి అవసరమే లేదు. పి.ఎఫ్. సంస్థ వెబ్‌సైటులో ఎస్టాబ్లిష్‌మెంట్ సెర్చ్ అని ఒకటుంది. ఫ్యాక్టరీ పేరు కొడితే ఏ నెలలో ఎంత కట్టారో, ఎంతమంది పేర కట్టారో కనపడుతుంది. ఎవడి అనుమతీ అక్కర్లేదు. షిఫ్టు వదిలేటప్పుడు గేటు దగ్గర నిలబడి మనుషుల్ని లెక్కపెట్టండి. ఆ లెక్కా ఈ లెక్కా పక్కపక్కన పెట్టి పి.ఎఫ్. ఆఫీసుకి అర్జీ రాయండి. 2005 నాటి సమాచార హక్కు చట్టం వుంది, దాని కింద మిగతాది అడగండి. ఈ పని చెయ్యడానికి సంఘానికి బద్ధకం. మన బద్ధకానికి ఒక కుర్రాడి బతుకు ఖరీదు కడదామా?

మూడోది నా సొంత గోడు. నాను ఒక ఆడిటర్ ఆఫీసులో ఆరేళ్లు గుమస్తాగా చేశాను. ఏ ఊరో, ఎవరో అక్కర్లేదు. డిగ్రీ వుందని వెళ్లాను. ఫైళ్లు మొయ్యడం, బ్యాంకుకి పోవడం, టీ తేవడం. నా గ్లాసు కిటికీలో వేరేగా వుండేది. దసరాకి కొత్త పుస్తకాలకి పసుపురాసి పూజ చేసేవారు. ఆ రోజు నన్ను మధ్యాహ్నం నుంచి రమ్మనేవారు. పూజ అయిన పుస్తకంలో రేపట్నుంచి అంకెలు వేసేది నానే, అప్పుడు మైల లేదు. ఆరేళ్లలో ఎన్ని తప్పుడు మస్టర్లు చూశానో, ఎన్ని వేలిముద్రలు ఒకే వేలివో నాకు తెలుసు. తెలిసి ఏటి చేశాను? ఏటీ చెయ్యలేదు. ఎందుకంటే సంతకం నాది కాదు. చూసినవాడి మాట ఎవడూ వినడు. సంతకం పెట్టేవాడి మాట వింటారు. "ఈ మస్టరు మీద నాను సంతకం పెట్టను" అని చెప్పగలిగినవాడు ఒక్కడు ఈ పలాసలో మనవాడుంటే చాలు, అది వంద ఫొటోల పెట్టు.

మన తాతల కాలం నుంచీ లెక్క మనకి పరాయిదే. భూమి ఎవడిదో కరణం పుస్తకం చెప్పేది. అప్పు ఎంతో షావుకారు చిట్టా చెప్పేది. మనం వేలు పెట్టేవాళ్లం, సిరా వాళ్లది. 1967 తర్వాత మూడు నాలుగేళ్లు ఈ జిల్లా కొండల్లో, ఉద్దానంలో జనం తిరగబడ్డారు. షావుకార్ల నోట్లు లాక్కున్నారు. ఆ పోరాటానికి దండం. కాగితం పోయింది, మరుసటి కాగితం రాసినవాడు మాత్రం మళ్లీ పాతవాడే. 1984లో కరణాల వ్యవస్థ రద్దయింది, పుస్తకం పోయి ఇంకో ఆఫీసులోకి చేరింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి జీడి, కొబ్బరి తోటలు నేలమట్టం చేసినప్పుడు చూశాం కదా. చెట్టు చెట్టుకీ లెక్క కట్టారు. చెట్టు ఎవరి పేర వుందో వాళ్లకి సాయం వచ్చింది. ఆ చెట్టెక్కి బతికినవాడు ఏ కాలంలో రాస్తారో ఫారంలోనే లేదు. లెక్క రాసేవాడి కంటికి కనపడనివాడు లోకంలో లేనట్టే.

బాబాసాహెబ్ని మనం రాజ్యాంగం పట్టుకున్న బొమ్మగానే చూస్తాం. ఆయన ఒకప్పుడు పనిచేసింది ఎక్కడో ఎంతమందికి తెలుసు? 1917లో అమెరికా, లండన్ చదువుల నుంచి తిరిగొచ్చి బరోడా సంస్థానంలో చేరాడు. అకౌంటెంట్ జనరల్ ఆఫీసులో ప్రొబేషనర్. అంటే మన గుంటడిలాగే లెక్కల ఆఫీసులో అప్రెంటిసు! వూళ్లో వుండడానికి చోటు దొరక్క, పార్శీల సత్రంలో పార్శీ పేరు పెట్టుకుని దిగాడు. పొద్దున్న ఆఫీసుకి పోవడం, రాత్రి దెయ్యాలకొంపలాంటి ఆ సత్రానికి రావడం. పదకొండో రోజున డజనుమంది కర్రలు పట్టుకొచ్చి, సాయంత్రానికల్లా ఖాళీ చెయ్యమన్నారు. స్నేహితులిద్దరూ ఇంట్లో చోటివ్వలేమన్నారు. కమాటీబాగ్ తోటలో దిగులుగా కూచున్నానని ఆయనే రాసుకున్నాడు. బొంబాయి వచ్చి, వ్యాపారులకి పెట్టుబడుల సలహా ఇచ్చే చిన్న కంపెనీ పెట్టాడు. కులం తెలియగానే ఖాతాదారులు రావడం మానేశారు. 1918లో సిడెన్‌హామ్ కాలేజీలో ఆర్థికశాస్త్రం ప్రొఫెసరుగా చేరితే, తోటి ప్రొఫెసర్లు మంచినీళ్ల కూజా ముట్టొద్దన్నారు.

అలాంటి మనిషి 1923లో రూపాయి సమస్య మీద పుస్తకం తెచ్చాడు. 1925లో బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల ఆదాయవ్యయాల మీద ఇంకో పుస్తకం తెచ్చాడు. పన్ను ఎవడి దగ్గర వసూలు చేస్తారు, ఎవడి మీద ఖర్చు పెడతారు అన్నదే ఆయన చదువు. మన పిల్లలకి డి.ఎస్.సి., కానిస్టేబులు, గ్రూప్స్ తప్ప ఇంకో దారి చూపించని మన నాయకులు ఆయన జయంతికి దండేసేటప్పుడు ఇది ఒకసారి గుర్తు చేసుకోవాలి.

సరే, ఏ ఆఫీసు? అక్కడికే వస్తున్నాను.

గుంటడు మూడు చోట్లకీ వెళ్లి కనపడ్డాడు. వెళ్లేముందు నాను ఒకటే చెప్పాను. బోర్డు చూడకు, నిన్ను మొదట ఏటి అడిగారో గుర్తుపెట్టుకుని రా అని.

కాశీబుగ్గలో అడిగింది: "ఏ వీధి?" చెప్పాక, "ఓహో, మీ అమ్మ ఫలానా ఫ్యాక్టరీలో పీలింగు కదూ" అన్నారంట. మర్యాదగానే అన్నారు. అయితే ఆ మాటతో కుర్చీ ఎత్తు తేలిపోయింది. పని దగ్గర మాత్రం ఆ ఆఫీసుని చులకన చెయ్యను. చిన్న ఆఫీసులో ఒక్కడే అన్నీ చెయ్యాలి కాబట్టి త్వరగా చెయ్యి తిరుగుతుంది. రైతు దగ్గర పిక్కలు కొంటే జి.ఎస్.టి. రైతు కట్టడు, కొన్న వ్యాపారే తిరగేసి కట్టాలి. ఆఫ్రికా నుంచి దిగిన పిక్కలకి ఇంకో లెక్క. 80 కిలోల బస్తా నుంచి పప్పు ఎంత దిగింది, గ్రేడులు ఎలా పోయాయి, ఎంత చూపించారు... ఇవన్నీ హైదరాబాదు గుంటడికి జన్మలో తెలియవు. కాని రేపు ఆ తల్లి పేరు లేని మస్టరు ఆ తల్లి కొడుకు ముందుకే వస్తుంది. టిక్కు పెట్టమంటారు. పెడితే ఇంటికెళ్లి అన్నం ఎలా తింటాడు? పెట్టనంటే ప్రిన్సిపాల్ సంతకం ఎలా వస్తుంది? ఇరవయ్యొక్కేళ్ల కుర్రాణ్ణి ఆ కత్తిమీద కూచోబెట్టే హక్కు మనకి లేదు. సొంత వూరి లెక్క సొంత కలం వచ్చాక చూసుకోవచ్చు.

హైదరాబాదులో మొదట అడిగింది: "నీ గురించి చెప్పు." ఇంగ్లీషులో. చెప్పాడు, తడబడి చెప్పాడు. వాళ్లు కులం అడగలేదు, అక్కడ అడగరు. ఏ కాలేజీ, ఏ స్కూలు అని అడిగితే చాలు, తెలిసిపోతుంది. స్టైఫండు మిగతా రెండింటికన్నా చాలా ఎక్కువ. అది చిన్న విషయం అనే ధైర్యం నాకు లేదు. ఇన్‌స్టిట్యూట్ పెట్టిన కనీస స్టైఫండు వూరి జనాభాని బట్టి వుంటుంది. చిన్న వూళ్లో అది పిక్కలబస్తా మోసేవాడి కూలికన్నా తక్కువ. అయితే పెద్ద ఆఫీసులో పని ముక్కలు ముక్కలు. ఒకడు రెండేళ్లూ ఒక కంపెనీ ఒక ఖాతానే చూస్తూ గడిపేయొచ్చు. చెయ్యి చూసినవాడికి కాలు తెలియదు, కాలు చూసినవాడికి తల తెలియదు. ఇక పేరంటారా? మాస్టారికి సత్యం గుర్తుచేస్తాను. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ యజమానే లెక్కలన్నీ బొంకని ఒప్పుకుంటూ ఉత్తరం రాశాడు. ఏళ్ల తరబడి ఆ లెక్కల మీద సంతకం పెట్టింది ప్రైస్ వాటర్‌హౌస్. నలుగురు పెద్దల్లో ఒకరి కుటుంబం. పెద్ద బోర్డు కింద పెద్ద అబద్ధం కూడా పడుతుంది.

విశాఖలో మొదట ఏటీ అడగలేదంట. ఒక నోటీసు చేతికిచ్చారు. ఒక చిన్న వ్యాపారికి పన్ను శాఖ పంపిన నోటీసు. "చదివి, వీళ్లేటి అడుగుతున్నారో తెలుగులో చెప్పు, ఆ వ్యాపారి వచ్చాడనుకో, అతనికి ఎలా చెప్తావో అలా చెప్పు" అన్నారు. చెప్పాడు. రెండుచోట్ల తప్పు చెప్పాడు. కూచోబెట్టి ఆ రెండూ దిద్దారు. ఆ తర్వాత పేరు అడిగారు.

నా ఓటు విశాఖకి. ఆ పెద్దమనిషి దేవుడని కాదు. రేపు అక్కడ కూడా గ్లాసు కిటికీలోకి వెళ్లదని నాను పూచీ పడను. కాని పని ఎలా నేర్పుతారో చేరకముందే చూపించిన ఆఫీసు అదొక్కటే. అక్కడ నోటీసులకి జవాబు రాస్తారు, అప్పీళ్లకి వెళ్తారు. సర్కారు పన్ను అడిగితే ఎదురు నిలబడి, సెక్షను చూపించి మాట్లాడటం నేర్చుకోవాలంటే అలాంటిచోటే. ఇంకో సంగతి. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం చేసి, 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా పెట్టారు. సెక్షన్ల నెంబర్లన్నీ మారాయి. ముప్పయ్యేళ్ల సీనియరూ ఇవాళ మళ్లీ పుస్తకం తెరవాల్సిందే. తాతలనాటి అనుభవం అందరిదీ కొంత కరిగిపోయిన సమయం ఇది. మనవాడు అడుగుపెట్టడానికి ఇంతకన్నా మంచి అదను రాదు.

మిగతా పిల్లలున్న ఇళ్లకి కూడా నాలుగు మాటలు. ఏ ఆఫీసులో చేరినా, అంతకుముందు ఏడు అక్కడ చేసిన కుర్రాణ్ణి వెతికి పట్టుకుని, రోజూ ఏటి చేయించారని అడగండి. టాలీలో అంకెలు కొట్టించడం తప్ప ఏటీ లేదంటే వెనక్కొచ్చేయండి. డిపాజిట్ అని, అడ్వాన్సు అని పైసా అడిగినా ఇవ్వొద్దు. ఆర్టికల్ క్లర్కు దగ్గర ప్రీమియం గాని, అప్పు గాని, డిపాజిట్ గాని తీసుకోకూడదని ఇన్‌స్టిట్యూట్ నిబంధనే వుంది. స్టైఫండు బ్యాంకు ఖాతాలో పడాలి. వేసి మళ్లీ చేతికి తెమ్మనేవాళ్లున్నారు, జాగ్రత్త. వారానికి 35 గంటలన్నది లెక్క. రాత్రి పదకొండింటిదాకా కూచోబెట్టేచోట ఫైనల్ పరీక్ష ఎప్పుడు చదువుతాడు? ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల బీరువాలో పెట్టకండి. ఇక రాకపోయినా వచ్చినట్టు రాస్తాం, కోచింగుకి పో అనే బొమ్మ ఆర్టికల్స్ మన పిల్లలకి అసలు వద్దు. షావుకారు కొడుక్కి అది చెల్లుతుంది, నేర్చుకోడానికి వాళ్ల నాన్న ఆఫీసుంది. మనవాడు ఆ రెండేళ్లలో నేర్చుకోకపోతే ఇంకెక్కడా నేర్చుకోడు.

ఇంక తల్లి మాట. "దగ్గరుంటే బాగున్ను" అన్న మాటకి ఆ రోజు ఎవరమూ జవాబు చెప్పలేదు. సిద్ధాంతాలు మాట్లాడినవాళ్లం అందరం ఆ మాట దగ్గర తలొంచుకున్నాం. జవాబు మర్నాడు ఆడవాళ్లు చెప్పారు. పీలింగులో ఆమెతో కూచున్న ఎనిమిదిమంది వంతులు వేసుకున్నారు. మంగళవారం ఇద్దరు, శనివారం ఇద్దరు ఆసుపత్రికి తోడెళ్తారు. ఒక్కో వంతుకి ఒక పూట కూలి పోతుంది. ఆ కూలి సంఘం ఇస్తానంటే, "ఒగ్గీండి బావూ, ఆ డబ్బులు గుంటడి గదికి కట్టండి" అన్నారు.

విశాఖలో గది అద్దెకీ తిండికీ స్టైఫండు చాలదు. కాలేజీ వదిలాక హాస్టలూ లేదు. పైగా కులం చూసి ఇల్లు ఇచ్చే వీధులు ఇంకా వున్నాయి, బరోడా అంత దూరం వెళ్లక్కర్లేదు. అక్కడ వుంటున్న మన ఉద్యోగులు ఇద్దరు గది చూసే పని నెత్తినేసుకున్నారు. నెలకి ఇంతని రాసిన పేర్లు ఇప్పటికి పదకొండు. కాశీబుగ్గ ఆఫీసే అని చప్పట్లు కొట్టినవాళ్లలో ముగ్గురు కూడా రాశారు, ఆ సంగతి దాచను. మాస్టారు ఇంకా రాయలేదు. వచ్చే ఆదివారం పేటలో రావిచెట్టు కింద కూచుంటాం, రాసేవాళ్లు అక్కడికి రండి. జమా ఖర్చుల పుస్తకం గుంటడే రాస్తున్నాడు. మొదటి పేజీలో తన పేర అప్పు అని రాసుకున్నాడు. కొట్టేయించాను.